మత్స్యవాత్సల్యం

గురువు శిష్యుని అనుగ్రహించే విధానాలను వివరించేటప్పుడు మన సంప్రదాయం మూడు ప్రాణులను ఉపమానంగా చెబుతుంది. పక్షి తన గుడ్లను రెక్కల కింద పొదిగి స్పర్శతో పిల్లలను చేస్తుంది. తాబేలు ఒడ్డున ఇసుకలో గుడ్లు దాచి, తాను నీటిలో ఉంటూ, తలపుతోనే వాటిని పెంచుతుంది. చేప తన గుడ్లను రెప్పవేయని చూపుతో చూస్తూ పోషిస్తుంది. స్పర్శదీక్ష, ధ్యానదీక్ష, దృగ్దీక్ష అనే మాటలకు ఇదే ఆధారం. మధురలో వెలసిన అమ్మవారికి మీనాక్షి అనే పేరు కన్నుల ఆకారాన్ని బట్టి మాత్రమే రాలేదనీ, కేవలం చూపుతోనే లోకాన్ని పోషించే తల్లి కాబట్టి ఆ పేరు సార్థకమైందనీ పెద్దలు వ్యాఖ్యానిస్తారు.

చేపకు కనురెప్పలు లేవన్నది యథార్థమే. కాని చేపలలో అధికభాగం తమ గుడ్ల వంక తిరిగి చూడవు. మన చెరువుల్లో పెరిగే బొచ్చె, శీలావతి వంటి చేపలు వాన నీటి ప్రవాహాలలో లక్షల సంఖ్యలో గుడ్లు విడిచి వెళ్లిపోతాయి. ఆ లక్షలలో బతికి బట్టకట్టేవి కొన్ని మాత్రమే. 'చేపపిల్లకు ఈత నేర్పాలా?' అనే సామెత పుట్టడంలో ఆశ్చర్యం లేదు. నేర్పడానికి తల్లి అక్కడ ఉండదు మరి. అయితే ఈ నియమానికి లోబడని జాతులు కొన్ని ఉన్నాయి. తెలంగాణ రాష్ట్ర చేపగా గౌరవం పొందిన కొర్రమీను వాటిలో ఒకటి. ఎర్రని పిల్లల గుంపు నీటిపైకి తేలినప్పుడు, దాని కిందనే తల్లిదండ్రులు కాపలా తిరుగుతుంటాయని చెరువు మీద బతికేవారికి బాగా తెలుసు. ఈ కాపలా చూపుతో చేసేదే.

చూపుతో ఆగక, తన దేహాన్నే పిల్లలకు ఆహారంగా ఇచ్చే చేప మరొకటి ఉన్నది. దానిపేరు డిస్కస్. దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదీ పరీవాహక ప్రాంతం దీని జన్మస్థానం. పళ్లెంలా గుండ్రంగా, పక్కలకు నొక్కినట్లు పలుచగా ఉండే శరీరం, జానెడు పొడవు, ఒంటిమీద నిలువు చారలు, నీలి గీతలు దీని గుర్తులు. ఆస్ట్రియా శాస్త్రవేత్త హెకెల్ 1840లో దీనిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. కాని దీని అసలు విశేషం వెల్లడి కావడానికి మరో శతాబ్దం పైగా పట్టింది. గుడ్డునుంచి వెలువడి ఈదడం మొదలుపెట్టిన పిల్లలు తల్లి ఒంటికీ, తండ్రి ఒంటికీ అతుక్కుని, ఆ చర్మం మీద ఊరే జిగురును తింటూ పెరుగుతాయని 1959లో హిల్డెమన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ప్రకటించాడు. పాలిచ్చే చేప అనడం శాస్త్రరీత్యా సరికాదు. అయినా అంతకంటె దగ్గరి పోలిక దొరకదు. డిస్కస్ సిక్లిడ్ కుటుంబానికి చెందినది. ఆ కుటుంబంలోనిదే, దక్షిణ భారతదేశంలోనూ శ్రీలంకలోనూ కనిపించే ఆరెంజ్ క్రోమైడ్ అనే చిన్న చేప పిల్లలు కూడా తల్లిదండ్రుల ఒంటిమీది జిగురును కొంత గీరి తింటాయి. అయితే వాటికది అదనపు ఆహారం. డిస్కస్ పిల్లలకు తొలిదినాలలో అదే జీవనాధారం.

ఇంతటి సుకుమారమైన జీవిని ఇంటిలోని గాజుతొట్టెలో మొక్కల మధ్య పెంచి, పిల్లలు పెట్టించడం అలంకరణ మత్స్యాల పెంపకంలో కష్టసాధ్యమైన పనిగా పేరుపొందింది. ఆ కష్టమంతా చేపలో ఉందని చాలామంది భావిస్తారు. నిజానికి అది నీటిలో ఉన్నది.

చేపలతో వినోదం మనకు కొత్త కాదు. 12వ శతాబ్దిలో కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు తన 'మానసోల్లాసం'లో మత్స్యవినోదానికి ప్రత్యేకంగా చోటిచ్చాడు. ఏ చేపకు ఏ మేత ఇష్టమో వివరంగా చెప్పాడు. కాని ఆ వినోదం గాలంతో ముగిసేది. చేపను పట్టడానికి కాక, చూడడానికి గాజుగదిలో నిలిపే పద్ధతికి శాస్త్రీయమైన పునాది 19వ శతాబ్దిలో ఏర్పడింది. 1850లో లండను నగరంలో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక గాజుపాత్రలో రెండు బంగారు చేపలను, వాలిస్నేరియా మొక్కను ఉంచి పరిశీలించిన ఫలితాలను ప్రకటించాడు. మొక్క ఆకులు కుళ్లి నీరు మురికి కాగా, ఆ కుళ్లును తినే నత్తలను కూడా వేశాడు. నీరు తేటపడింది. చేప విడిచినది మొక్కకు, మొక్క విడిచినది చేపకు, మిగిలినది నత్తకు. వాలిస్నేరియా ఇంటర్మీడియట్ విద్యార్థులకు పాత నేస్తమే. నీటి ద్వారా పరాగసంపర్కానికి వృక్షశాస్త్ర పాఠంలో చెప్పే ఉదాహరణ అదే.

మొక్కల తొట్టెలో కంటికి కనిపించని పని ఒకటి నిరంతరం సాగుతూ ఉంటుంది. చేప తన మొప్పల ద్వారా అమ్మోనియాను విడుస్తుంది. అది విషం. నైట్రోసోమోనాస్ వంటి బాక్టీరియాలు దానిని నైట్రైట్‌గా మారుస్తాయి. అదీ విషమే. మరికొన్ని బాక్టీరియాలు దానిని ఎక్కువ హాని చేయని నైట్రేట్‌గా మారుస్తాయి. మొక్కలు ఈ నత్రజని సమ్మేళనాలను పీల్చుకుని ఆకులు తొడుగుతాయి. ఈ బాక్టీరియాలు ఫిల్టరులోని స్పాంజీలోను, అడుగున పరచిన గులకరాళ్ల మీద స్థిరపడి చాలినంతగా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తొట్టె కొన్న సాయంత్రమే చేపలను తెచ్చి వేసి, వారం తిరగకుండానే అవి చనిపోతే దుకాణదారుని నిందించేవారు ఎందరో. అక్కడ చనిపోవడానికి కారణం చేప జబ్బు కాదు. నీటికి ఇంకా ప్రాణం రాలేదు, అంతే.

మొక్కలు పగటి వెలుతురులో ప్రాణవాయువును ఇస్తాయి. చీకటి పడితే అవి కూడా చేపలతో పాటు దానిని వాడుకుంటాయి. అందువల్ల మొక్కలు దట్టంగా ఉన్న తొట్టెలో తెల్లవారుజామున ప్రాణవాయువు అతి తక్కువగా ఉంటుంది. ఆ వేళలో చేపలు నీటిపైకి వచ్చి నోరు తెరిచి ఆయాసపడుతుంటే రాత్రంతా గాలిబుడగలు వదిలే పంపును నడపాలని గ్రహించాలి.

ఇక జీడిమెట్ల సంగతి. హైదరాబాదు నగరానికి ఉత్తరాన ఉన్న ఈ ప్రాంతం పారిశ్రామికవాడగా ప్రసిద్ధి చెందింది. పరిశ్రమల నుంచి వెలువడే వ్యర్థజలాలు ఇక్కడి నేలను, చెరువులను, భూగర్భజలాన్ని ఎంతగా కలుషితం చేశాయో నగరవాసులకు తెలిసిన కథే. వ్యర్థజలాలను ఒకచోటికి చేర్చి శుద్ధిచేసే ఉమ్మడి కేంద్రం 1980ల చివరలోనే ఇక్కడ ఏర్పడింది. దేశంలో అలాంటి కేంద్రాలలో ఇది తొలితరానికి చెందినది. ఆ అవసరం ఇక్కడ ఎంత త్వరగా వచ్చిందో దానిని బట్టే ఊహించవచ్చు. పరిశ్రమల మాట అటుంచినా, దక్కన్ రాతినేలల్లోని బోరునీరు స్వభావరీత్యా కఠినజలం. బోరునీరు కాచిన గిన్నెల అడుగున పేరుకునే తెల్లని పొరే ఇందుకు సాక్ష్యం. లీటరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాల కాఠిన్యం కొన్ని వందల మిల్లీగ్రాములు ఉండటం ఇక్కడ సాధారణం.

డిస్కస్ పుట్టిన నీరు దీనికి పూర్తిగా వ్యతిరేకం. అమెజాన్ ఉపనది రియో నీగ్రో నీరు పలుచని టీ డికాక్షన్ రంగులో ఉంటుంది. అడవిలో రాలిన ఆకుల సారమే ఆ రంగుకు కారణం. దానిలో కాఠిన్యం దాదాపు శూన్యం. ఆమ్లత్వం మాత్రం ఎక్కువ. పి.హెచ్. విలువ ఐదుకు అటూ ఇటూగా ఉంటుంది. తరతరాలుగా తొట్టెలలో పెరిగిన డిస్కస్‌లు కొంత కాఠిన్యాన్ని ఓర్చుకుని బతకగలవు. కాని బతకడం వేరు, వంశం నిలపడం వేరు. కఠినజలంలో ఉన్న జంట గుడ్లు పెట్టినా వాటిలో ఎక్కువభాగం ఫలదీకరణ చెందక మర్నాటికే తెల్లబడిపోతాయి.

ఈ ప్రాంతంలో డిస్కస్‌ను పెంచదలచినవారికి రెండు రకాల నీరు లభిస్తుంది. ఒకటి బోరునీరు. రెండవది నల్లానీరు. ఎల్లంపల్లి జలాశయం నుంచి శామీర్‌పేట సమీపంలోని ఘన్‌పూర్ మీదుగా గోదావరి జలాలు 2015 చివరినుంచి నగరపు ఉత్తర ప్రాంతాలకు అందుతున్నాయి. నది నీరు బోరునీటికంటె మృదువైనది. అయితే దానిలో క్రిములను చంపడానికి క్లోరిన్ కలుపుతారు. మనుషులకు మేలుచేసే ఆ క్లోరిన్ చేపల మొప్పలను కాల్చివేస్తుంది. ఫిల్టరులో కష్టపడి పెరిగిన బాక్టీరియాలను కూడా నశింపజేస్తుంది. నీటిని వెడల్పయిన డ్రమ్ములో పట్టి, గాలిపంపు పెట్టి, ఒక రోజు నిలువ ఉంచితే క్లోరిన్ చాలావరకు ఎగిరిపోతుంది. తొందర ఉన్నవారు హైపో అని పిలిచే సోడియం థయోసల్ఫేట్ స్ఫటికాలను కొద్దిగా వాడతారు.

బోరునీరు మాత్రమే ఉన్న ఇంటిలో ఆర్.ఓ. యంత్రం అవసరమవుతుంది. ఇక్కడ చిన్న లెక్క ఉన్నది. బోరునీటి కాఠిన్యం లీటరుకు 400 మిల్లీగ్రాములు అనుకుంటే, ఒక పాలు బోరునీటికి మూడు పాళ్లు ఆర్.ఓ. నీరు కలిపితే అది 100కు దిగుతుంది. ఏడు పాళ్లు కలిపితే 50కి దిగుతుంది. పెరిగే చేపలకు మొదటిది చాలు. గుడ్లు పెట్టే జంటకు రెండవది కావాలి. ఇంత శ్రమ ఎందుకు, మొత్తం ఆర్.ఓ. నీరే పోస్తే సరిపోదా అనే సందేహం రావచ్చు. సరిపోదు. లవణాలు బొత్తిగా లేని నీటిలో ఆమ్లత్వం స్థిరంగా ఉండదు. ఒక్క రాత్రిలో పి.హెచ్. పడిపోయి చేపలు చనిపోయే ప్రమాదం ఉంటుంది. ఆర్.ఓ. యంత్రం వడకట్టినదానికంటె ఎక్కువ నీటిని బయటకు విడుస్తుందని కూడా గుర్తుంచుకోవాలి. వేసవిలో ట్యాంకరు కోసం ఎదురుచూసే కాలనీలలో ఆ నీటిని ఇల్లు కడగడానికో, మరుగుదొడ్డికో మళ్లించకుండా ఈ అభిరుచిని కొనసాగించడం ఉచితం కాదు.

నీరు సిద్ధమైన తరువాత మిగిలిన ఏర్పాట్లు తేలికే. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న తొట్టెలో సుమారు 340 లీటర్ల నీరు పడుతుంది. గాజు, రాళ్లు కలిపితే బరువు 400 కిలోలు దాటుతుంది. కనుక బల్లను చూసుకునే తొట్టెను కొనాలి. డిస్కస్‌కు 28 నుంచి 30 డిగ్రీల వేడి కావాలి. హైదరాబాదు చలికాలపు రాత్రులలో దీనికి హీటరు తప్పనిసరి. ఆ వేడికి చాలా నీటిమొక్కలు నిలవవు. అమెజాన్ స్వోర్డ్, అనూబియాస్, జావా ఫెర్న్, వాలిస్నేరియా నిలుస్తాయి. వీటిలో మొదటిది డిస్కస్ స్వదేశానికి చెందినదే. దాని వెడల్పయిన ఆకు మీద గుడ్లు పెట్టడం కద్దు. ఈ మొక్కలకు కార్బన్ డయాక్సైడ్ సిలిండరు అవసరం లేదు. తీవ్రమైన దీపకాంతి కూడా అక్కరలేదు. డిస్కస్ స్వభావతః బిడియపు చేప కాబట్టి మంద్రమైన వెలుతురే దానికి హితం.

తొట్టె గోడలకు పట్టే పాచిని తింటుందని చాలామంది సక్కర్ చేపను తెచ్చి వేస్తారు. డిస్కస్ తొట్టెలో ఇంతకంటె పొరపాటు మరొకటి లేదు. ఈ చేప రాత్రివేళ డిస్కస్ పక్కలకు అతుక్కుని ఒంటిమీది జిగురును గీకి తింటుంది. పిల్లలకు దక్కవలసిన అన్నం అది. పైగా వేలెడు పొడవున కొన్న సక్కర్ చేప చూస్తుండగానే అడుగు దాటుతుంది. పోతన భాగవతం అష్టమస్కంధంలోని సత్యవ్రత మహారాజు కథ ఇక్కడ జ్ఞాపకం వస్తుంది. పెద్ద చేపల బారినుంచి కాపాడమని శరణు కోరిన చిన్న మీనాన్ని రాజు తన కమండలంలో ఉంచుతాడు. ఒక్క రాత్రిలో అది కమండలానికి పట్టదు. గంగాళంలో వేస్తే గంగాళానికి, కొలనులో వేస్తే కొలనుకు పట్టనంతగా పెరుగుతుంది. చివరకు దానిని సముద్రానికి చేరుస్తాడు. ఆ మీనం సాక్షాత్తు విష్ణువు కనుక కథ లోకకల్యాణంగా ముగిసింది. తొట్టెకు పట్టని సక్కర్ చేపను దయతలచి చెరువులో వదిలే గృహస్థు చేసేది మాత్రం అందుకు విరుద్ధమైన పని.

దక్షిణ అమెరికానుంచి వచ్చిన ఈ చేపకు ఇక్కడ శత్రువులు తక్కువ. గట్టి పలకలవంటి దాని ఒంటిని కొరికి తినగల జీవి అరుదు. అది గట్లలో బొరియలు చేస్తుంది. వలలను చించుతుంది. తెలుగునాట జాలరులు దీనిని దయ్యం చేప అంటున్నారంటే వారి విసుగు అర్థమవుతుంది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు నీటిలో కలిసి ఉండే డి.ఎన్.ఏ. జాడలను బట్టి, తూర్పు కనుమల ప్రాంతపు జలాశయాలలో ఇది వ్యాపించిన తీరును గుర్తించారు. జీడిమెట్లకు ఆనుకుని ఫాక్స్ సాగర్ ఉన్నది. కొల్ల చెరువు దాని పాతపేరు. 1897లో నిజాం కాలంలో నిర్మించినది. 2020 అక్టోబరు వర్షాలకు ఈ చెరువు పొంగి ఉమామహేశ్వర కాలనీ చాలా రోజులు నీటిలోనే ఉండిపోయింది. అలాంటి వరదలో ఏ తొట్టెలోని చేప ఏ చెరువుకు చేరుతుందో ఎవరు చెప్పగలరు? పెంచలేని చేపను దుకాణానికి తిరిగి ఇవ్వడమో, మరొక పెంపకందారునికి అప్పగించడమో తప్ప వేరే దారి లేదు.

డిస్కస్‌లలో ఆడ, మగ భేదం పైకి కనిపించదు. అందుచేత ఆరు పిల్లచేపలను తెచ్చి కలిపి పెంచడం వాడుక. అలంకరణ మత్స్యాల పెంపకానికి పేరుపొందిన చెన్నైలోని కొళత్తూరు వంటి చోట్ల తొట్టెలలోనే పుట్టిన పిల్లలు దొరుకుతాయి. ఏడాది గడిచేసరికి వాటిలో రెండు మిగిలినవాటిని ఒక మూలనుంచి తరమడం మొదలుపెడతాయి. జంట కుదిరిందనడానికి అదే తొలి గుర్తు. ఆ రెండూ ఎదురెదురుగా వచ్చి తలలు వంచుకుంటాయి. ఒళ్లు జలదరించినట్లు వణుకుతాయి. ఒక ఆకునో, నిలువుగా ఉన్న కొయ్యముక్కనో ఎంచుకుని నోటితో శుభ్రం చేస్తాయి. సాధారణంగా సాయంకాలం వేళ ఆడచేప కిందినుంచి పైకి వరుసగా గుడ్లు అంటించుకుంటూ పోతుంది. మగచేప వెనువెంటనే ఆ వరుస మీదుగా సాగుతుంది. గంటసేపట్లో వంద నుంచి రెండు మూడు వందల గుడ్లు చేరతాయి.

ఆ తరువాత పనంతా తల్లిదండ్రులది. వంతులవారీగా నిలిచి వాజాలతో గుడ్లకు గాలి విసురుతాయి. తెల్లబడిన గుడ్డు కనిపిస్తే బూజు పక్కవాటికి పాకకుండా నోటితో ఏరివేస్తాయి. తొలిసారి, మలిసారి గుడ్లు పెట్టిన జంట వాటిని తానే తినివేయడం కద్దు. దీనిని క్రూరత్వమని భావించనక్కరలేదు. తొట్టె ముందు మనుషుల సంచారం, ఒక్కసారిగా వెలిగిన దీపం, తోటి చేపల బెడద వాటిని బెదరగొడతాయి. అనుభవం వచ్చేకొద్దీ ఈ గుణం తగ్గుతుంది. ఓపిక లేని పెంపకందారులు గుడ్లను తీసి వేరే పాత్రలో పొదిగించి, కృత్రిమాహారంతో పిల్లలను సాకుతారు. పిల్లల సంఖ్యే ముఖ్యమైనవారు జంటను మొక్కలు, రాళ్లు లేని బోడి తొట్టెలోకి మారుస్తారు. వ్యాపారానికి అవి సరైన పద్ధతులే కావచ్చు. కాని డిస్కస్‌ను పెంచడంలో చూడదగినదేదో వారు చూడకుండానే పోగొట్టుకుంటారు.

సుమారు రెండున్నర రోజులకు గుడ్లు చిట్లుతాయి. పిల్లలు ఇంకా ఈదలేవు. తలమీది జిగురుతో ఆకుకు వేలాడుతూ తోకలు ఆడిస్తుంటాయి. ఒకటి జారి పడితే తల్లో తండ్రో నోట కరచి తెచ్చి యథాస్థానంలో అంటిస్తుంది. మరో రెండు మూడు రోజులకు అవి ఆకును విడిచి ఈదుతాయి. ఈ క్షణమే అన్నిటికంటె కీలకం. తల్లిదండ్రుల ఒళ్లు అప్పటికి ముదురు రంగుకు తిరిగి ఉంటుంది. పిల్లలు ఆ నీడవంటి రూపాన్ని వెతుక్కుంటూ వెళ్లి దాని పక్కలకు అతుక్కుంటాయి. అందుకే ఈ రోజులలో రాత్రి కూడా చిన్న దీపం ఉంచుతారు. నీటి ప్రవాహాన్ని తగ్గిస్తారు. దారితప్పి మొక్కల చాటుకు పోయిన పిల్ల ఆకలితో చనిపోతుంది. అందం కోసం మనుషులు సృష్టించిన పావురపు రక్తవర్ణపు డిస్కస్ వంటి రకాలలో ఒళ్లు నల్లబడే గుణం లోపించిందనీ, వాటి పిల్లలు తల్లిదండ్రులను సులభంగా గుర్తించలేవనీ పెంపకందారులు చెబుతారు.

ఒకచేప ఒంటిమీద కొన్ని నిమిషాలు మేసిన తరువాత, అది ఒళ్లు ఝాడించి పక్కకు తప్పుకుంటుంది. పిల్లలన్నీ రెండవ చేపను చేరుకుంటాయి. ఇలా తల్లి, తండ్రి పంచుకుని పోషించడం క్షీరదాలలో కూడా కానరాదు. ఇంగ్లండులోని ప్లిమత్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో ప్రకటించిన అధ్యయనం ఈ జిగురు రహస్యాన్ని కొంత విప్పింది. గుడ్లు పెట్టిన నాటినుంచి తల్లిదండ్రుల చర్మంపై ఊరే జిగురులో ప్రోటీన్లు, రోగనిరోధక శక్తినిచ్చే ప్రతిరక్షకాలు పెరుగుతాయి. ఇది తల్లిపాల తీరును పోలి ఉన్నది. నీటిలో అమ్మోనియా పెరిగి తల్లి చర్మం దెబ్బతింటే పిల్లల అన్నమే చెడిపోతుందన్నది దీనినుంచి తేలికగా ఊహించవచ్చు. పెంపకందారుడు నెలల తరబడి డ్రమ్ములతో, ఆర్.ఓ. యంత్రంతో పడిన పాటు ఎక్కడికి చేరుతుందో ఇప్పుడు అర్థమవుతుంది.

ఈదడం మొదలైన వారం నాటికి పిల్లలకు ఆర్టీమియా అనే సూక్ష్మజీవుల మేత కూడా అందించాలి. ఎండిన గుడ్ల రూపంలో దొరికే వీటిని ఉప్పునీటిలో వేసి గాలి కొడితే ఒకరోజులో పొదుగుతాయి. తొలి రెండు వారాలు పిల్లలు తల్లిదండ్రులను క్షణం విడువవు. మూడవ వారంలో తల్లిదండ్రులు వాటినుంచి దూరంగా ఈదిపోవడం ప్రారంభిస్తాయి. మొదట కొద్దిసేపు, తరువాత ఎక్కువసేపు. వెంటపడిన పిల్లలు అందుకోలేక, ఎదురుగా తేలుతున్న ఆర్టీమియాను నోట పట్టుకుంటాయి. నెల నిండేసరికి అవి చిటికెనవేలి గోరంతై, గుండ్రని రూపు దిద్దుకుని, గులకరాళ్ల మధ్య తమంత తాముగా మేత వెతుక్కుంటాయి. ఆ సమయానికి పెద్ద చేపలు రెండూ తొట్టె అవతలి మూలన ఇంకొక ఆకును శుభ్రం చేస్తూ ఉండవచ్చు.